పలికించెడివాడు ఎవరట?

నల్లగొండ పక్కనే పానగల్లు. ఉదయ సముద్రం చెరువు దగ్గర, పొలాల మధ్యన ఛాయా సోమేశ్వరాలయం ఉంటుంది. కందూరు చోళుల కాలం నాటి గుడి. మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో, శివలింగం వెనక గోడ మీద ఒక నీడ పడి ఉంటుంది. పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా అది అక్కడే. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు తిరుగుతాడు, లోపల నీడ మాత్రం జరగదు.

పోయిన చలికాలం ఒక ఆదివారం నలుగురం అక్కడికి వెళ్లాం. ఒకరు మా టీచరన్న, సంస్కృతం బాగా చదివినవాడు. ఇంకొకరు క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపు నడిపే భాయ్. మూడోవాడు దేవరకొండ తమ్ముడు, తాతల నాటి నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. నీడ చూసి టీచరన్న చేతులు జోడించాడు. "మహిమ గాకపోతే ఏంది తమ్మీ ఇది?" అన్నాడు. తమ్ముడు డిగ్రీలో ఫిజిక్స్ చదివాడు. "అన్నా, ఎండ సీదా లోపలికి వస్తలేదు. చెదిరిన వెలుతురు వస్తుంది. దానికి ముందటి స్తంభాలు అడ్డం ఉన్నయి. సూర్యుడు జరిగినా వెలుతురు వచ్చే తొవ్వ జరగదు, నీడ కూడ జరగదు" అన్నాడు. టీచరన్న కాసేపు స్తంభాల మధ్య అటూ ఇటూ నడిచి ఒప్పుకున్నాడు. అయినా దండం పెట్టుకునే బయటికొచ్చాడు.

అప్పుడు భాయ్ అన్నాడు: "గుడి లెక్క తేలింది. మరి కితాబుల లెక్క?"

చెరువు కట్ట మీద కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆ రెండు గంటల్లో నాకు ఒకటి బాగా కనిపించింది. ముగ్గురూ చదువుకున్నవాళ్లే, మంచివాళ్లే. పక్కవాడి గ్రంథంలో లొసుగు ఎక్కడుందో ముగ్గురికీ చక్కగా తెలుసు. సొంత గ్రంథం దగ్గరికి వచ్చేసరికి తూకం రాయి మారిపోతుంది. ఈ వ్యాసం ఆ రాయి గురించి.

ముందు పోతన దగ్గర మొదలుపెడతాను. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట" అన్న పద్యం మనకు నోటికొచ్చిందే. బడిలో దాన్ని కవి వినయానికి ఉదాహరణగా చెప్పారు. ఇప్పుడు చదివితే నా చూపు ‘అట’ మీద ఆగుతుంది. నాలుగు పాదాల చిన్న పద్యంలో మూడుసార్లు వస్తుంది. తెలుగులో ‘అట’ ఎప్పుడు వాడతాం? కళ్లారా చూడనిది, ఎవరో చెప్పగా విన్నది చెప్పేటప్పుడు. ‘వానొచ్చింది’ అంటే తడిసినవాడి మాట. ‘వానొచ్చిందట’ అంటే విన్నవాడి మాట. మా దిక్కు ‘అంట’ అంటాం. "వాళ్లింట్ల దొంగలు పడ్డరంట" అని చెప్పినవాడిని పోలీసులు సాక్షిగా రాసుకోరు. పోతన తన నోట వచ్చే మాటకే ‘అట’ తగిలించుకున్నాడు. ఆశ్చర్యంతో అన్నాడని కొందరంటారు, అదీ నిజమే కావచ్చు.

దేవుడు ఒకరితో మాట్లాడాడనే అనుకుందాం. విన్న ఆ ఒక్కరికి అది అనుభవం. ఆయన రెండోవాడికి చెప్పగానే అది ‘అట’ అవుతుంది. ఆ రెండోవాడు రాస్తే, మూడోవాడు నకలు తీస్తే, వెయ్యేళ్ల తర్వాత మన చేతికొస్తే, ‘అట’ మీద ‘అట’. గ్రంథం దైవప్రోక్తం అనడానికి చూపించే ఆధారాలన్నీ ఈ ‘అట’ను తీసేయడానికి చేసే ప్రయత్నాలే. విన్నవాడి మీద నమ్మకంతో పని లేకుండా, పుస్తకం తెరిచి ‘ఇదిగో, ఇది మనిషి వల్ల అయ్యేది కాదు’ అని చూపించగలమా? అసలు ప్రశ్న అది.

ఒకటే పేరు, రకరకాల దావాలు

దైవగ్రంథం అని ఒకే మాట వాడతాం గానీ, దాని వెనకున్న దావాలు ఒకటి కావు. చిక్కు ఇక్కడే పడుతుంది.

వేదం అపౌరుషేయం అంటారు. చాలామంది దానికి ‘దేవుడు చెప్పింది’ అని అర్థం చెప్పుకుంటారు. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంస దర్శనం వాళ్ల (మీమాంసకుల) లెక్కలో దానర్థం ‘ఎవరూ చెప్పలేదు’ అని. మనిషీ చెప్పలేదు, దేవుడూ చెప్పలేదు. ఋషులు మంత్రాలను చూశారు, అంతే. మాటకూ అర్థానికీ ఉన్న ముడి అనాది. పైగా వేదాన్ని ఫలానావాడు చేశాడని పరంపరలో ఎవరికీ గుర్తు లేదు, కాబట్టి చేసినవాడు లేడు. తర్కం మీద నడిచే న్యాయ దర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోలేదు. వాక్యం ఉందంటే వక్త ఉండాల్సిందే, ఆ వక్త ఈశ్వరుడు అన్నారు. అంటే వేదానికి దేవుడు కర్తా కాదా అన్న తగవు బయటి నాస్తికులు తెచ్చింది కాదు. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న రెండు దర్శనాల ఇంటి తగవు.

బాగ్దాదులోనూ ఇలాంటి పంచాయితీ జరిగింది. ఖురాన్ అల్లాహ్ వాక్కు అన్నదాంట్లో పేచీ లేదు. ఆ వాక్కు ఆయన సృష్టించిందా, ఆయనతో పాటు ఎప్పుడూ ఉన్నదా అన్నది గొడవ. తర్కానికి పెద్దపీట వేసిన ముతజిలా పండితులు సృష్టే అన్నారు. 833లో ఖలీఫా అల్ మామూన్ పండితులందరి చేతా ఆ మాట ఒప్పించాలని చూశాడు. అహ్మద్ ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు. జైలుకు వెళ్లాడు, తర్వాతి ఖలీఫా హయాంలో కొరడా దెబ్బలు తిన్నాడు. చివరికి నిలబడింది ఆయన పక్షమే.

బైబిల్ తీరు వేరు. రాసింది మనుషులు, రాయించింది దేవుని ఆత్మ అని క్రైస్తవుల్లో ఎక్కువమంది నమ్మకం. అందుకే మనుషుల గొంతు దాచకుండా వినిపిస్తుంది. లూకా తన సువార్త మొదట్లోనే, అన్నీ మొదటి నుంచి జాగ్రత్తగా విచారించి వరుసగా రాస్తున్నానని థెయొఫిలుకు చెప్తాడు. కలలో వినిపించిందనడు. మన దిక్కు పాత్రికేయుడు చెప్పినట్టే చెప్తాడు. కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 7వ అధ్యాయంలో పౌలు ఒకచోట ఇది ప్రభువు ఆజ్ఞ అంటాడు, రెండు వచనాలు దాటాక ఇది ప్రభువు మాట కాదు, నా మాట అంటాడు.

మా జిల్లా వాళ్లం మరిచిపోయేది ఇంకోటుంది. సాగర్ నీళ్ల నడుమ నాగార్జునకొండ ఎవరి పేరు మీదుందో, ఆ నాగార్జునుడి గురించి మహాయాన బౌద్ధులు ఒక కథ చెప్తారు. బుద్ధుడు చెప్పిన ప్రజ్ఞాపారమిత సూత్రాలను అర్థం చేసుకోగలిగే మనుషులు అప్పటికి లేరట. అందుకని నాగులు వాటిని తమ లోకంలో దాచిపెట్టాయట. కొన్ని వందల ఏళ్లకు నాగార్జునుడు వెళ్లి తెచ్చాడట. కొత్త గ్రంథం పాతదే అని చెప్పడానికి ఇంత అందమైన దారి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ తేడాలు ఎందుకు పట్టించుకోవాలంటే, ఒక దావాను కదిలించే ఆధారం ఇంకోదాన్ని తాకకపోవచ్చు. పౌలు సొంత అభిప్రాయం చెప్పాడని చూపిస్తే దేవరకొండ తమ్ముడికి ఏమీ కాదు. ఖురాన్‌లో ఒక్క వాక్యం ప్రవక్త సొంత మాట అంటే భాయ్‌కి మొత్తం కదులుతుంది. వేదంలో పుట్టి చచ్చిన ఒక మనిషి పేరు కనిపిస్తే మీమాంసకుడికి ఇబ్బంది. ఎందుకంటే ఆ వాక్యం ఆ మనిషి తర్వాతే పుట్టి ఉండాలి.

అలాంటి పేరు ఒకటుంది కూడా. ‘బబరుడు ప్రావాహణి కోరుకున్నాడు’ అని యజుర్వేదపు తైత్తిరీయ సంహితలో వస్తుంది. ఈ అభ్యంతరాన్ని జైమిని మీమాంస సూత్రాల్లోనే ఎత్తి చూపి, అది మనిషి పేరు కాదు, వినడానికి అలా ఉందంతే అని జవాబిచ్చాడు. ‘బబర’ అన్నది గాలి చేసే చప్పుడు, ‘ప్రావాహణి’ అంటే వీచేది అని దానికి భాష్యం. నాకు ఆ జవాబు చిరుగుకు వేసిన అతుకులాగే కనిపిస్తుంది. కానీ రెండువేల ఏళ్ల కింద, తమ సిద్ధాంతాన్ని కూల్చగల ప్రశ్నను తామే రాసి పెట్టుకున్నారు చూడండి, అది మెచ్చుకోవాల్సిన సంగతి.

7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి రెండు దెబ్బలు వేశాడు. చేసినవాడు గుర్తు లేకపోయినంత మాత్రాన చేసినవాడే లేడని కాదు అన్నాడు. నిజమే, మా ఊళ్లలో పాడే బతుకమ్మ పాటల్లో ఎన్నింటికి కర్త పేరు తెలుసు? రెండో దెబ్బ ఇంకా గట్టిది. మాట్లాడినవాడు లేని మాటకు అర్థం ఇదేనని ఎవరు చెప్పాలి? స్వర్గం కావాలంటే అగ్నిహోత్రం చేయమన్న వాక్యానికి కుక్క మాంసం తినమని అర్థం కాదనడానికి ప్రమాణం ఏమిటి అని అడిగాడు. మాట మొరటుగా ఉంది గానీ ప్రశ్న మొరటుది కాదు. మూల గ్రంథం దైవానిదే అనుకున్నా, దాని అర్థం మనకు చేరేది మనుషుల వ్యాఖ్యానం ద్వారానే. అక్కడ మళ్లీ ‘అట’ వచ్చి కూర్చుంటుంది.

కాంతివేగం ఎంతట?

టీచరన్న ఆ రోజు బయటికి తీసిన మొదటి ఆయుధం కాంతివేగం. ఋగ్వేదంలో కాంతివేగం ఉందన్న మెసేజ్ మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే మిగతావన్నీ ఇదే అచ్చులో పోసినవి.

ఋగ్వేదం మొదటి మండలం 50వ సూక్తం 4వ మంత్రం సూర్యుణ్ని వేగంగా పోయేవాడా, అందరికీ కనిపించేవాడా, వెలుగునిచ్చేవాడా అని పిలుస్తుంది. అందులో అంకెలు లేవు. అంకె ఉన్నది సాయణుడి భాష్యంలో. సాయణుడు 14వ శతాబ్దంలో విజయనగర రాజుల మంత్రి. అర నిమేషంలో 2,202 యోజనాలు నడిచేవాడా, నీకు నమస్కారం అన్న ఒక పాత శ్లోకాన్ని ఆయన అక్కడ గుర్తు చేసుకున్నాడు. నమస్కారం నడిచే సూర్యుడికి. కాంతి ప్రయాణం గురించి ఆ శ్లోకంలో మాట లేదు. సరే, ఇదంతా పక్కన పెట్టి, కాంతి గురించే అనుకుని లెక్క కడదాం.

నిమేషం అంటే ఎంత? రెప్పపాటు. మహాభారతం లెక్కన 15 నిమేషాలు ఒక కాష్ఠ (పాతకాలపు సమయం కొలత), మనుస్మృతి లెక్కన 18. మొదటిదాని ప్రకారం నిమేషం 0.213 సెకన్లు, రెండోదాని ప్రకారం 0.178. యోజనం అంటే ఎంత? సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం భూమి వ్యాసాన్ని 1,600 యోజనాలంది, అంటే యోజనం దాదాపు 8 కిలోమీటర్లు. ఆర్యభటుడు 1,050 అన్నాడు, అంటే 12 పైచిలుకు. 8,000 ధనువులు, ధనువుకు ఆరడుగులు అని లెక్కేస్తే 14.6 కిలోమీటర్లు. రెండు నిమేషాలు, మూడు యోజనాలు కలిపితే ఆరు జవాబులు వస్తాయి. అన్నిటికన్నా చిన్నది సెకనుకు లక్షా 64 వేల కిలోమీటర్లు, పెద్దది 3 లక్షల 60 వేలు. అసలు కాంతివేగం 3 లక్షలకు కాస్త తక్కువ. ఆరింటిలో రెండు దానికి చాలా దగ్గరగా వస్తాయి. నేను కాగితం మీద వేసి చూశాను, మీరూ చూడవచ్చు. ఆ రెండే సరైనవని తెలియాలంటే మాత్రం జవాబు ముందే తెలిసి ఉండాలి.

అందుకే 1676లో రోమర్ గురుగ్రహపు చంద్రుడి గ్రహణాలను చూసి, కాంతికి ప్రయాణించడానికి సమయం పడుతుందని తేల్చేదాకా, ఆ శ్లోకం చదివినవాళ్లెవరూ ‘ఇదిగో కాంతివేగం’ అనలేదు. ఇంకో చిత్రం. అదే ఫోన్‌లో హనుమాన్ చాలీసాలో సూర్యుడి దూరం ఉందన్న మెసేజ్ కూడా ఉంటుంది. దాంట్లో యోజనం 8 మైళ్లు. కాంతివేగం మెసేజ్‌లో 9 మైళ్లు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ.

టీచరన్న ముఖం చిన్నబోయింది. భాయ్ నవ్వాడు గానీ వంతు వెంటనే ఆయనకూ వచ్చింది. ఇనుమును దింపాం అని ఖురాన్ 57వ సూరాలో (అధ్యాయంలో) ఉంది, ఇనుము అంతరిక్షం నుంచి వచ్చిందని సైన్స్ ఇప్పుడు కదా కనుక్కున్నది అన్నాడు. 39వ సూరా 6వ ఆయతులో (వాక్యంలో) పశువులను ఎనిమిది జతలుగా దింపామని కూడా ఉంది, వాడిన క్రియ అదే. పశువులు ఆకాశం నుంచి రాలేదు. అక్కడ ‘ప్రసాదించాం’ అని అర్థం చెప్పుకుంటే ఇక్కడా అదే చెప్పుకోవాలి. తమ్ముడిది బైబిల్లోని యోబు గ్రంథం. 26వ అధ్యాయం 7వ వచనంలో భూమిని శూన్యం మీద వేలాడదీశాడని ఉంది. అదే అధ్యాయంలో నాలుగు వచనాలు దాటితే ఆకాశానికి స్తంభాలున్నాయి, దేవుడు గద్దిస్తే అవి వణుకుతాయి. మొదటిది సైన్స్, రెండోది కవిత్వం అనడానికి ఏ కొలత వాడతాం?

ఇక్కడ నాకు నచ్చిన మాట శంకరాచార్యులది. గీతాభాష్యం చివరి అధ్యాయంలో ఆయన, నిప్పు చల్లనిదనీ వెలగదనీ వంద శ్రుతులు చెప్పినా అది ప్రమాణం కాదంటాడు. ఎందుకంటే నిప్పు వేడిగా ఉంటుందని తెలుసుకోవడానికి చెయ్యి చాలు, వేదం అక్కర్లేదు. వేరే దారిలో తెలియనిదాన్ని తెలియజేసేదే శాస్త్రం అని మీమాంసకుల సూత్రం కూడా. కాంతివేగం అద్దాలతో, గడియారాలతో తేలే విషయం. దాన్ని వేదంలో వెతికేవాడు, వేదం తన పరిధి కాదన్న చోట దాన్ని కూర్చోబెట్టి పరీక్ష రాయిస్తున్నాడు. గౌరవం పేరుతో చేసే ఈ పని పాత పండితులకు నచ్చేది కాదనుకుంటాను.

జోస్యాలు

జోస్యం బలమైన ఆధారం కాగలదు. దానికి షరతులున్నాయి. జరగకముందే రాసి ఉండాలి, ఆ తేదీకి రుజువుండాలి. చెప్పింది తేటగా ఉండాలి. ఊహకు అందనిదై ఉండాలి. తప్పినవీ లెక్కపెట్టాలి. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం దగ్గర శాసనాలు చూస్తే, రాయి మీద శక సంవత్సరం చెక్కి ఉంటుంది. జోస్యాల గ్రంథాలకు ఆ భాగ్యం అరుదు.

మన దగ్గర బ్రహ్మంగారి కాలజ్ఞానం ఉంది. 2020లో కరోనా రాగానే ‘కోరంకి’ అన్న జబ్బు పద్యం ఊరూరా తిరిగింది. నాకు ఒకే రోజు పదకొండుమంది పంపారు. 2019లో ఒక్కరూ పంపలేదు. ఏ పద్యం దేని గురించో జరిగాకే తెలిస్తే, దాన్ని జోస్యం అనడం కష్టం. భవిష్య పురాణం ఇంకా తమాషా. అచ్చులో ఉన్న ప్రతిలో మొగలులు వస్తారు, కలకత్తా వస్తుంది, విక్టోరియా రాణి కూడా వస్తుంది. ఆ తర్వాత భవిష్యత్తు ఆగిపోతుంది. ఏ శతాబ్దంలో కలం ఆగిందో పుస్తకమే చెప్పేస్తోంది. బైబిల్లో దానియేలు గ్రంథం మీద 3వ శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్వవేత్త ఇదే మాట అన్నాడు. అంతియోకసు రాజు కాలం దాకా అన్నీ అచ్చుగుద్దినట్టు కుదురుతాయి, ఆ రాజు చావు దగ్గరికి వచ్చేసరికి తప్పుతుంది, కాబట్టి రాసినవాడు ఆ కాలంవాడే అని. నేటి పరిశోధకుల్లో ఎక్కువమంది అదే ఒప్పుకుంటారు.

తప్పిన జోస్యాన్ని దాచుకోని గ్రంథం కూడా ఉంది. యెహెజ్కేలు 26వ అధ్యాయంలో బబులోను రాజు నెబుకద్రెజరు తూరు పట్టణాన్ని నేలమట్టం చేస్తాడని ఉంది. మూడే అధ్యాయాలు దాటాక, 29వ అధ్యాయంలో, తూరు మీద అంత కష్టపడ్డా ఆ రాజుకూ అతని సైన్యానికీ కూలి దక్కలేదు, బదులుగా ఐగుప్తు ఇస్తున్నానని ఉంది. తూరును తర్వాత, క్రీ.పూ. 332లో, అలెగ్జాండర్ పట్టుకున్నాడు. ఆ ఊరు ఇవాళ్టికీ లెబనాన్‌లో జనంతో ఉంది. ఈ రెండు అధ్యాయాలను పక్కపక్కన ఉంచిన ఆ పాత లేఖకుల నిజాయితీ నాకు జోస్యం కన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

అన్నిట్లోకీ గురికి దగ్గరగా తగిలింది ఖురాన్ 30వ సూరా అని ఒప్పుకోవాలి. రూమీయులు, అంటే రోమన్లు, ఓడిపోయారు, కొద్ది సంవత్సరాల్లో గెలుస్తారు అంటుంది. 614లో పారశీకులు జెరూసలేం తీసుకున్నారు. రోమన్ల పని అయిపోయిందని అందరూ అనుకున్న రోజులు. 627లో నినెవె దగ్గర రోమన్ చక్రవర్తి హెరాక్లియస్ పారశీకులను చిత్తు చేశాడు. ‘కొద్ది’ అన్నచోట ఉన్న అరబ్బీ మాటకు మూడు నుంచి తొమ్మిది అని అర్థం చెప్తారు, కాబట్టి లెక్క ఏ ఓటమి నుంచి ఏ గెలుపు దాకా అన్నదాన్ని బట్టి కుదురుతుంది, కుదరదు. అది పట్టు పట్టదగ్గది కాదులే. అసలు సంగతి, ఇద్దరు కొట్టుకుంటుంటే ఓడినవాడు మళ్లీ గెలుస్తాడనడం ధైర్యమైన మాటే గానీ, మనిషి అనలేని మాట కాదు.

కాపలా, అందం, అంకెలు

చెక్కుచెదరకుండా నిలిచింది కాబట్టి దైవానిదే అన్న వాదన కూడా చెరువు కట్ట మీద వచ్చింది. వేదపాఠాన్ని కాపాడిన తీరు నిజంగా ఒళ్లు జలదరింపజేస్తుంది. ఘనపాఠంలో రెండు మాటలను ముందుకూ వెనక్కూ, మూడో మాట కలిపి మళ్లీ ముందుకూ వెనక్కూ చెప్తారు. ఒక్క అక్షరం జారినా పట్టుబడుతుంది. అయినా ఋగ్వేదానికి 21 శాఖలు (పాఠ పరంపరలు) ఉన్నాయని పతంజలి చెప్తే, ఇవాళ ప్రధానంగా వినిపించేది ఒక్క శాకల శాఖే. 1947 తర్వాత మృతసముద్రం గుహల్లో దొరికిన యెషయా చుట్ట, అప్పటిదాకా ఉన్న హీబ్రూ ప్రతుల కన్నా దాదాపు వెయ్యేళ్లు పాతది, పాఠం చాలావరకు అదే. బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఖురాన్ పత్రాల తోలు 568–645 మధ్యదని 2015లో తేల్చారు. మూడు మతాలవాళ్లూ గర్వపడొచ్చు. కాపలా గట్టిగా ఉందంటే కాపలావాళ్లు గట్టివాళ్లని తెలుస్తుంది. లోపలున్నది ఎక్కడి నుంచి వచ్చిందో కాపలా చెప్పదు.

ఇలాంటిది ఒక్క సూరా రాసి తెండి అన్న సవాలు ఖురాన్‌లోనే ఉంది. అతి చిన్న సూరా అల్ కౌసర్, మూడే ఆయతులు. సవాలు మామూలుది కాదు, అరబ్బీ చెవికి ఆ శైలి ఎంత గొప్పగా వినిపిస్తుందో భాయ్ చదివినప్పుడు అర్థం తెలియని నాకే కొంత అందింది. తీర్పరి ఎవరన్నదే తేలదు. నమ్మినవాడికి ఏ పోటీ రచనా సరితూగదు, నమ్మనివాడికి సరితూగొచ్చు. 9వ శతాబ్దంలో అన్నజ్జాం అనే ముస్లిం పండితుడే, మనుషులకు అలా రాసే శక్తి ఉన్నా దేవుడు అడ్డుకున్నాడు, మహిమ ఆ అడ్డుకోవడంలో ఉంది అన్నాడు. మిగతావాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదనుకోండి. తిక్కనలా ఇంకొకరు రాయలేదు. అందుకని తిక్కన మనిషి కాదని మనం అనం.

అంకెల మహిమల మీద ఎక్కువ మాటలు దండగ. ఖురాన్ అంతా 19 అంకె మీద కట్టి ఉందని 1970ల్లో రషాద్ ఖలీఫా కంప్యూటర్‌తో లెక్కలు తీశాడు. చివరికి లెక్క కుదరడానికి 9వ సూరాలోని ఆఖరి రెండు ఆయతులే అసలువి కావన్నాడు. కొలత కోసం గుడ్డను కత్తిరించాడు. బైబిల్ హీబ్రూ అక్షరాలను ఎడం వదిలి ఏరితే జరగబోయేవి కనిపిస్తాయని 1990ల్లో పెద్ద హడావుడి జరిగింది. బ్రెండన్ మెక్‌కే అనే గణితవేత్త తిమింగలం వేట మీద రాసిన ఒక ఇంగ్లిష్ నవలలో అదే పద్ధతిలో నాయకుల హత్యలు ఏరి చూపించాడు. అక్షరాలు లక్షల్లో ఉంటే ఏరుకున్నవాడికి ఏరుకున్నంత.

ఇంతదాకా చదివి నాస్తిక మిత్రులు చంకలు గుద్దుకుంటుంటే వాళ్లతోనూ ఒక మాట. మనిషి చేతి గుర్తులు ఉన్నాయని చూపించడం వేరు, దేవుడికి సంబంధం లేదని చూపించడం వేరు. మనుషుల మాటలతోనే, వాళ్ల కాలపు జ్ఞానంతోనే, వాళ్ల తప్పులతో సహా దేవుడు తన పని చేయించాడని ఎవరైనా అంటే, పైన చెప్పిన ఏ లెక్కా వాళ్లను తాకదు. తూకం రాయి అక్కడ మీరూ మార్చకూడదు. అయితే అలా అన్నవాళ్లు ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మామూలు మనుషులు రాసిన పుస్తకమూ బయటికి అచ్చం అలాగే ఉంటుంది. రెండింటినీ వేరు చేసే గుర్తు పుస్తకంలో దొరకదు. కాబట్టి అక్కడ మాట్లాడుతున్నది విశ్వాసం, ఆధారం కాదు. నాకు తెలిసిన భక్తుల్లో చాలామందికి ఇది ఇబ్బందే కాదు. టెన్షన్ అంతా వాట్సాప్‌లో రుజువులు పంపేవాళ్లకే.

ఈ గ్రంథం నా బతుకు మార్చింది, అంతకన్నా రుజువేం కావాలి అని తమ్ముడు చివర్లో అన్నాడు. వాళ్ల నాయన తాగుడు మానింది బైబిల్ చదివాకే. దాన్ని నేను కాదనను, ఆ మనిషిని ఎరుగుదును. భాయ్ వెంటనే తన మేనమామ కథ చెప్పాడు, లతీఫ్ సాహెబ్ గుట్ట దగ్గర మొదలై ఖురాన్ దాకా వచ్చింది. టీచరన్న దగ్గర గీత కథ ఉంది. మూడూ నిజాలే. మూడు గ్రంథాలూ ఒకదాన్నొకటి ఒప్పుకోని చోట మూడూ నిజం కాలేవు కదా అని నేనంటే, ముగ్గురూ ఒకేసారి నా మీద పడ్డారు.

చీకటి పడకముందే ఇంకోసారి గుడిలోకి వెళ్దామని టీచరన్న అన్నాడు. సాయంత్రం ఐదయింది. నీడ అక్కడే ఉంది. గర్భగుడి ముందు ఒక పెద్దాయన, తొమ్మిది పదేళ్ల మనవడు నిలబడి ఉన్నారు.

"గా నీడ ఉన్నది సూడు బిడ్డా, పొద్దు పొడిసిన కాన్నుంచి పొద్దుగూకే దాంక జరగదంట" అన్నాడు పెద్దాయన.

"నువ్వు పొద్దంత కూసొని సూసినవా తాతా?" అన్నాడు పిలగాడు.

పెద్దాయన మా వైపు ఒకసారి చూశాడు. తర్వాత గేటు దగ్గరున్న మనిషిని రేపు పొద్దున గుడి ఎన్నింటికి తీస్తారని అడిగాడు.